ప్రాత సెల్‌ఫోనుల తిరుగు ప్రయాణము

మా యింటిలో బీరువా క్రింది సొరుగునందు నాలుగు ప్రాత సెల్‌ఫోనులున్నవి. ఒకటి మీటలు గలది. వాని మీది యంకెలు అరిగి యెన్నడో మాసిపోయినవి. ఒకటి అద్దము పగిలినది. మూడవది బ్యాటరీ యుబ్బి వీపు విచ్చుకొని యున్నది. నాలుగవదానికి ఏమి వ్యాధియో యెవ్వరికిని తెలియదు. క్రొత్తది కొన్నందున అది ప్రాతదైనది, అంతే. వీనికి తోడుగా చిక్కుపడిన ఛార్జరు తీగలు గుప్పెడు. ఇవి యిక్కడ నెందుకున్నవని మీరడిగినచో నా యొద్ద సమాధానము లేదు. పారవేయుటకు మనసు రాదు. ఉంచుకొని చేయునదియు లేదు. ఈ ప్రసంగమును వినుచున్నవారిలో పెక్కుమంది యిండ్లలో నిట్టి సొరుగొకటి యుండునని నా నమ్మకము. ఆ సొరుగులోని వస్తువులు ఎక్కడికి పోవలెను, నిజముగా నెక్కడికి పోవుచున్నవి, ఈ రెంటికి నడుమ నున్న దూరమెంత యను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

సెల్‌ఫోనునకు మనవారు చరవాణి యని చక్కని పేరు పెట్టిరి. కాని నేను చెప్పబోవునవి చరింపనివి, వాణి లేనివి. కనుక ఫోను అనియే వ్యవహరించెదను.

ముందుగా ఆ వస్తువునందేమున్నదో చూతము. వెనుకటి మూతను, బ్యాటరీని తొలగించినచో లోపల నొక పచ్చని పలక కనబడును. దాని మీద చీమల బారువలె సన్నని భాగములు టంకముతో నతుకబడి యుండును. ఆ పలకలో రాగి యున్నది, తగరమున్నది, వెండి యున్నది, అతుకుల చోట్ల బంగారపు పూత యున్నది, రవ్వంత పల్లాడియమున్నది. బ్యాటరీలో లిథియము, కోబాల్టు ఉండును. ఒక్కొక్క ఫోనునందలి బంగారము సుమారు 30 మిల్లీగ్రాములని లెక్క. చిన్న ముక్కుపుడకకైనను అది చాలదు. కాని పదివేల ఫోనులను పోగుచేసినచో, అనగా నించుమించు ఒక టన్ను తూకమునకు, సుమారు 300 గ్రాముల బంగారము లభించును.

ఈ సంఖ్య విలువ తెలియవలెనన్న కోలారును తలచుకొనవలెను. ఆ గనులలో తమిళులతో పాటు మన తెలుగువారును తరతరములుగా దిగి పనిచేసిరి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, ఒడలు కాలు వేడిలో, రాతిని పగులగొట్టిరి. తుదకు తీసిన రాతికి తగిన ఫలము రాక 2001 ఫిబ్రవరిలో ఆ గనులను మూసివేసిరి. టన్ను రాతికి అయిదు గ్రాముల బంగారము వచ్చినచో నేటి లోకమున దానిని మంచి గని యందురు. మన సొరుగులోనిది అంతకు అరువదింతలు మేలైన గని. దిగవలసిన లోతు మూరెడు.

ఈ గనిని తవ్విచూపినవారు జపాను దేశస్థులు. టోక్యో ఒలింపిక్ క్రీడలకు కావలసిన పతకములను ప్రజలిచ్చిన ప్రాత పరికరముల లోహముతోనే చేయింపవలెనని వారు సంకల్పించిరి. 2017 ఏప్రిలు మొదలు 2019 మార్చి వరకు రెండేండ్లపాటు సేకరించిరి. 62 లక్షలకు పైగా ఫోనులు, చిన్నవి పెద్దవి కలిపి 78,985 టన్నుల పరికరములు చేరినవి. వాని నుండి 32 కిలోల బంగారము, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు సమకూడినవి. 2021లో జరిగిన ఆ క్రీడలలో నిచ్చిన సుమారు 5,000 పతకములు వానితో చేసినవే. బంగారు పతకమనునది పేరునకే బంగారమనియు, లోన వెండి, పైన ఆరు గ్రాముల పూత మాత్రమే యుండుననియు ఈ సందర్భమున నాకు తెలిసినది!

నాకు ఆశ్చర్యము కలిగించినది ఆ బంగారము కాదు. 62 లక్షల ఫోనులు తమంత తాము నడచి రాలేదు. ఆ దేశములోని పురపాలక సంఘములలో నూటికి తొంబది వంతులు ఇందు పాలుగొన్నవి. ఊరి కార్యాలయములలోను, ఫోనులమ్ము అంగళ్ళలోను సేకరణ పెట్టెలు పెట్టిరి. ఇచ్చువాడు తన వీధి దాటి పోనక్కరలేని యేర్పాటది. లోహమును కరగించు విద్య అంతకుముందే యున్నది. బెల్జియము దేశమున ఆంట్‌వర్ప్ నగరము చెంత హోబొకెన్ అను చోట ఉమికోర్ కంపెనీవారి కొలిమి యొకటి యున్నది. ఇట్టి పలకలను, ఇతర వ్యర్థములను కరగించి, వెలువడు వాయువులను బయటికి పోనీయక పట్టి, పదునేడు రకముల లోహములను అచ్చట వేరుచేయుదురు. అంత దూరమేల, మన హైదరాబాదున చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వమువారి సీ-మెట్ పరిశోధనసంస్థ యున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు ఈ పచ్చని పలకల నుండి లోహములు తీయు పద్ధతిని రూపొందించిరి. విద్య యున్నది, కొలిమి యున్నది, సరకు మన సొరుగులలో నున్నది. అయినను ఐక్యరాజ్యసమితివారు 2024లో ప్రకటించిన లెక్కను బట్టి, 2022వ సంవత్సరమున ప్రపంచమంతట పోగుపడిన ఎలక్ట్రానికు వ్యర్థములు 6 కోట్ల 20 లక్షల టన్నులు కాగా, సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్ళు మాత్రమే.

తక్కినది ఏమగుచున్నది? నేను కన్నులార చూచిన దొకటి చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట మా యింటిలోని కంప్యూటరు తెర చెడిపోయినది. ఇప్పటివలె పలుచని తెర కాదు. వెనుక భాగము గుమ్మడికాయవలె నుబ్బియుండు ప్రాతకాలపు గాజుతెర. ప్రాత సామానులు కొనువాడు మూడుచక్రముల బండితో వీధిలో కేక వేసికొనుచు రాగా, పిలిచి అమ్మివేసితిని. నూరు రూపాయలిచ్చెను. చోటు ఖాళీయైనదని సంతోషించితిని. పావుగంట గడిచెనో లేదో అతడే తిరిగివచ్చి అరచేయి చూపెను. నెత్తురు కారుచున్నది. మా తల్లిగారు పసుపు, పాతగుడ్డ తెచ్చి కట్టు కట్టిరి. సంగతి యేమని చూడబోతిని గదా, వీధిమలుపున వేపచెట్టు క్రింద నా తెర ముక్కలై యున్నది. సుత్తితో దాని మెడ విరుగగొట్టి, అందు చుట్టియున్న రాగితీగను పెరుకుకొని, గాజునంతయు మురుగుకాలువలోనికి నెట్టివేసెను.

"ఏమయ్యా, ఇంత పని చేసితివేమి? మొత్తముగా పట్టుకొనిపోరాదా?" అని యడిగితిని.

"మొత్తంగా తీసుకుపోతే తుక్కు కొట్టాయన ఇనప ధర కడతాడు అయ్యగారూ. రాగి వేరు చేసి కాటా మీద పెడితే రాగి ధర ఇస్తాడు. గాజు మోసుకుపోతే నాకేం వస్తుంది?" అనెను.

ఆ గాజులో సీసము కలిపియుందురని నేను తరువాత చదివి తెలిసికొంటిని. తెర నమ్మినవాడను నేను. సీసము పడినది మా కాలువలో. కోసికొనినది అతని చేయి. అతని ప్రశ్నకు మాత్రము ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని. ఎన్నో నివేదికలు చదివితిని గాని, ఈ సమస్యను అంత సూటిగా నాకు బోధపరచిన వారు మరొకరు లేరు.

తుక్కు కొట్టు దాటిన తరువాతి కథ మరింత కఠినమైనది. ఢిల్లీలో శీలంపూరను పేట యున్నది. దేశములో నలుమూలల నుండి వచ్చిన ప్రాత కంప్యూటర్లను, ఫోనులను అచ్చటి చిన్న చిన్న గదులలో విడదీయుదురు. ఉత్తరప్రదేశమున మొరాదాబాదు ఇత్తడి పనికి పేరుపొందిన పట్టణము. లోహమును కరగించుట యచ్చట తాతల నాటి విద్య. ఇత్తడి బేరములు సన్నగిల్లినపుడు ఆ చేతులలో కొన్ని ఈ పచ్చని పలకల వైపు మరలినవి. రామగంగానది యొడ్డున పలకలను కాల్చి, బూడిదను జల్లించి కడిగి, లోహము నేరుకొనువారిని గూర్చి పరిశోధకులు పలుమారులు వ్రాసిరి. కంసాలి కొట్టు ముంగిటి దుమ్మును కడిగి బంగారపు రజను వెదకువారిని మన పట్టణములలో చూచినవారికి ఆ పని తీరు క్రొత్తగా తోపదు. కాని ఈ పలకలలో విషమున్నది. టంకము కరగినపుడు సీసపు పొగ లేచును. తీగల పైతొడుగు కాలినపుడు డయాక్సినులను విషములు పుట్టును. బంగారము కొరకు పలకలను ఘాటైన ఆమ్లములలో ముంచి, మిగిలిన నీటిని నేల మీదనే పారబోయుదురు. ఇంత చేసియు వారికి దక్కునది కొంత రాగి, కొంత బంగారము. తక్కిన లోహములు బూడిదతోను మురికినీటితోను పోవును.

చైనా దేశమున గ్వీయూ అను పట్టణము దీర్ఘకాలము ఈ పనికే ప్రసిద్ధి కెక్కినది. ధనికదేశముల వ్యర్థములు ఓడల మీద నచ్చటికి చేరెడివి. అచ్చటి ఆరేండ్ల లోపు శిశువులను 165 మందిని పరీక్షించి వైద్యులు 2007లో ఫలితములను ప్రకటించిరి. ఆ పిల్లల నెత్తుటిలో సీసము సగటున డెసిలీటరుకు 15.3 మైక్రోగ్రాములు. ఈ పని లేని పొరుగూరు చెండియన్ శిశువులలో 9.94. అయిదు మైక్రోగ్రాములున్నను సీసమెచ్చట నుండి వచ్చుచున్నదో కనుగొని దానిని తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. సీసము పిల్లల మెదడు నెదుగనీయదు. పోయిన తెలివి మందులతో తిరిగి రాదు. 2015 ప్రాంతమున గ్వీయూలోని వీధి దుకాణములను ఒక పారిశ్రామికవాటికకు తరలించిరి. ఆనాటి యా శిశువులు ఇప్పుడు ఇరువదేండ్లు దాటిన యువకులు.

కొనినచోటికే తిరిగి యిచ్చుట యనునది మనకు క్రొత్త సంగతి కాదు. గోలీసోడా త్రాగినవాడు సీసాను అక్కడనే యిచ్చి పోవలెను. ఇంటికి పట్టుకొనిపోవువాడు సీసా కొరకు కొంత పైకము కట్టి, తిరిగి తెచ్చినపుడు పుచ్చుకొనవలెను. ఆ సీసా అమ్మినవానిదే. ఈ సామాన్యధర్మమునే 1990లో థామస్ లిండ్‌క్విస్ట్ అను స్వీడను దేశపు పండితుడు పెద్ద పరిశ్రమలకు అన్వయించి, వస్తువును చేసినవానికి దాని అంత్యదశ వరకు బాధ్యత కలదని ప్రతిపాదించెను. స్విట్జర్లాండువారు 1990 తరువాతి సంవత్సరములలో దీనిని ఆచరణలో పెట్టిరి. అచ్చట క్రొత్త పరికరము కొనునపుడే దాని భావి శుద్ధికి కొంత రుసుము చెల్లింతురు. ప్రాతదానిని ఏ యంగడికి తీసికొనిపోయినను, అక్కడ మరేమియు కొనకున్నను, అంగడివాడు ఉచితముగా పుచ్చుకొనవలెను. 1998లో ఇది శాసనమైనది. ఐరోపా సమాజమువారు 2003లో ఇట్టి శాసనమునే చేసిరి.

మన దేశమున నీ నియమములు 2011లో వెలువడి 2012 మే నుండి అమలునకు వచ్చినవి. 2016లో వానిని సవరించిరి. 2022 నవంబరులో మరల క్రొత్తవి చేసి 2023 ఏప్రిలు 1 నుండి అమలుపరచుచున్నారు. మునుపు 21 రకముల వస్తువులకు మాత్రమే వర్తించునవి ఇప్పుడు 106 రకములకు వర్తించుచున్నవి. చేసినవారు మొదటి రెండేండ్లు నూటికి 60 పాళ్ళు, పిదప రెండేండ్లు 70, 2027–28 నుండి 80 పాళ్ళు వ్యర్థమును శుద్ధి చేయింపవలెను. సంఖ్యలు చూచిన మనసు నిండును. కాని పద్ధతిని కొంత పరిశీలింపవలెను. కంపెనీవాడు స్వయముగా మన వీధికి వచ్చి ఫోను లేరుకొనడు. నమోదు చేసికొన్న శుద్ధి కర్మాగారము ఇంత తూకము శుద్ధిచేసితినని చూపి ధ్రువపత్రము పొందును. కంపెనీ ఆ పత్రమును కొనును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు లెక్క చూతురు. ఆ పత్రములకు కనీసపు ధర నిర్ణయింపగా కొందరు ఉత్పత్తిదారులు న్యాయస్థానమునకు పోయిరి. ధర తగ్గినచో శుద్ధి చేయువాడు బ్రతుకడు. పెరిగినచో కంపెనీకి కష్టము. ఈ వివాదమున మన వీధిలోని బండివాని మాట యెక్కడను వినబడదు.

2016 నియమములలో సేకరణ కేంద్రములకు, విడదీయువారికి పేరు, చోటు ఉండెను. 2022 నియమములలో నమోదు కావలసినవారు నలుగురే: తయారుచేయువాడు, సరకును విపణిలోనికి తెచ్చువాడు, బాగుచేసి తిరిగి యమ్మువాడు, శుద్ధిచేయువాడు. ఇంటింట తిరిగి కొనితెచ్చువాడు ఈ నలుగురిలో లేడు. నా దృష్టిలో నిది చిన్న లోపము కాదు. సోడాకొట్టు యజమాని సీసాల లెక్క వ్రాసి, సీసాలు తెచ్చు కుర్రవానిని మరచినట్లున్నది.

కంపెనీలవారు అంగళ్ళలో పెట్టెలు పెట్టలేదా యని మీరడుగవచ్చును. పెట్టిరి. నిరుడు నా నాలుగింటిలో రెండు ఫోనులను సంచిలో వేసికొని అట్టి యొక యంగడికి పోయితిని. పెట్టె యున్నది, పచ్చని యాకు బొమ్మ కూడ నున్నది. దాని మీద క్రొత్త ఫోనుల ప్రకటన బల్ల నానించి యుంచిరి. లోపల ఒక గొడుగు, కాఫీ త్రాగి పడవేసిన కాగితపు గ్లాసులు. అచ్చటి కుర్రవాడు మర్యాదస్థుడు. "దీన్ని తీసుకోవడానికి ఎవరూ రారు సార్. కొత్తది కొంటే పాతదానికి ధర కట్టిస్తాను" అని నిజము చెప్పెను. నా సంచితో నేను తిరిగివచ్చితిని. ఫోనులు మరల సొరుగున చేరినవి.

ప్రాత సామానులు కొనువారిని నిషేధించి, అంతయు పెద్ద కర్మాగారములకే యప్పగింపవలెనని వాదించు పెద్దలు కొందరున్నారు. వారి భయము న్యాయమైనదే. కాని పెట్టె మన గుమ్మమునకు రాదు, బండి వచ్చును. ఏ యింట ఏ వస్తువు మూలబడినదో బండివానికి తెలిసినట్లు ఏ కార్యాలయమునకును తెలియదు. అతడు సేకరించుటలో తప్పులేదు. పగులగొట్టుటలో, కాల్చుటలో నున్నది ప్రమాదము. వస్తువును చెక్కుచెదరకుండ తెచ్చినవానికి, విడదీసి రాగి అమ్మినచో వచ్చుదానికంటె నాలుగు రూపాయలు ఎక్కువ ముట్టజెప్పినచో, అతడు సుత్తి ఎత్తడు. ఆ నాలుగు రూపాయలు ఎవరు పెట్టవలెనన్నదే అసలు ప్రశ్న. ధ్రువపత్రము కొను కంపెనీవాని పైకములో కొంత, పత్రము దాటి, కర్మాగారము దాటి, తుక్కు కొట్టు దాటి, బండి వరకు దిగిరావలెనని నా యభిప్రాయము. సోడాసీసావలె కొనుగోలు నాడే కొంత పైకము పట్టియుంచి, తిరిగి యిచ్చిననాడు చెల్లించు పద్ధతిని 2016 నియమములే అనుమతించెను గాని, అది నిర్బంధము కానందున ఫోనుల విషయమున వాడుకలోనికి రాలేదు.

గృహస్థుల మాట కొంత చెప్పవలెను. మన సొరుగులు నిండుటకు మమకారము కంటె భయమే హెచ్చు కారణమని నాకు తోచును. ఫోనులో పిల్లల ఫోటోలున్నవి, బ్యాంకు సంగతులున్నవి, ఎవరి చేతిలో పడునో! ఈ భయము తీర్చుకొనుట కష్టము కాదు. కావలసినవి మరియొక చోట భద్రపరచుకొని, ఫోనుతో ముడిపడిన ఖాతాల నుండి బయటికి వచ్చి, లోపలి సమాచారమంతయు చెరిపివేయు ఏర్పాటు ప్రతి స్మార్టుఫోనునందును కలదు, దానిని వాడవలెను. సిమ్ముకార్డును, మెమరీకార్డును తీసి యుంచుకొనవలెను. ఇక, పనిచేయు స్థితిలో నున్న ఫోనును శుద్ధికి పంపుట తొందరపాటు. హైదరాబాదున ఆబిడ్సు చెంత జగదీశ్ మార్కెట్టులో భూతద్దము కంటికి పెట్టుకొని, వెండ్రుకవంటి తీగలను అతికి, చచ్చిన ఫోనునకు ప్రాణము పోయు పనివారిని చూడవచ్చును. ఫోను మరి రెండేండ్లు పనిచేసినచో, క్రొత్త ఫోనునకై తవ్వవలసిన మట్టి రెండేండ్లు ఆగును. కరగించుట ఆ తరువాతి మాట.

బ్యాటరీ యుబ్బినదానిని మాత్రము ఎవ్వరును ఉపేక్షింపరాదు. దానిని పొడువరాదు, వంచరాదు, ఛార్జరుకు తగిలింపరాదు, చెత్తబుట్టలో వేయరాదు. చెత్తబండిలో నలిగినచో అది మండును; ఆ మంటను నీరు చల్లి ఆర్పుట తేలిక కాదు.

ఈ ప్రసంగము వ్రాయుచు ఇంతవరకు వచ్చి, లేచిపోయి సొరుగు తెరచితిని. ఉబ్బిన ఫోనును ఇసుక పోసిన మట్టిమూకుడులో పెట్టి, పెరటి అరుగు మీద, కట్టెలకు, బట్టలకు ఎడముగా ఉంచితిని. నమోదైన శుద్ధి కర్మాగారమునకు కబురు పంపితిని. వీధిలో మరి పదియిండ్ల సామాను కూడిన యెడల బండి పంపెదమనిరి. పదియిండ్లను కూర్చువారెవరని ఆలోచింపగా నాకు తోచిన పేరొక్కటియే. అరచేతిలో ఇంకను ఆ కోతగాటు మచ్చ గల మనుష్యుడు గురువారము మా వీధికి వచ్చును. ఆ నాలుగు రూపాయల మాట అతనితో ముందుగా తేల్చుకొనవలెను.